శాలువాలతో కాలువలోకి

కొత్తగా మున్సిపాలిటీలో చేరిన పిల్లలు అప్పుడప్పుడూ మా ఇంటికి వస్తుంటారు. శానిటరీ ఇన్‌స్పెక్టరుగా రిటైరైనదాన్ని కాబట్టి పనికొచ్చే మాట ఏదైనా చెబుతానని వాళ్ళ ఆశ. వచ్చిన ప్రతివాళ్ళూ అడిగేది ఒకటే. "జనం తిడుతుంటే ఎలా తట్టుకునేవాళ్ళండీ మేడమ్?"

తిట్లదేముందమ్మా, కొన్నాళ్ళకి అవే అలవాటైపోతాయి. పొద్దున్నే ఒకళ్ళు తిట్టకపోతే ఆ రోజు సెలవేమో అనిపిస్తుంది. మీకు ఏ ట్రైనింగులోనూ చెప్పనిది ఇంకొకటుంది. ఎవరైనా మిమ్మల్ని పొగడడం మొదలుపెడితే ఏం చెయ్యాలి? మా ఊళ్ళో ఒకాయన ఒక మామిడి సీజనులో మమ్మల్ని అలా పట్టుకున్నారు. దాన్నించి ఎలా బయటపడ్డామో చెబుతాను, వినండి.

ఊరి పేరు చెప్పను. నూజివీడు చుట్టుపక్కల, తోటల మధ్య ఉన్న ఊరనుకోండి, చాలు. ఇందులో ఉన్నవాళ్ళంతా ఇంకా బజార్లో తిరుగుతూనే ఉన్నారు. పేర్లు చెబితే కూరగాయలు కొనుక్కోనివ్వరు నన్ను.

ఆయన హైస్కూల్లో సోషల్ మాస్టారుగా చేసి రిటైరయ్యారు. బడి అయిపోయింది గానీ ఆయనలో పాఠం అయిపోలేదు. కూతురు ఒక ఫోనూ, దాన్ని తగిలించుకునే కర్రా కొనిచ్చింది. అంతే. మర్నాటి నుంచీ పొద్దున్నే ఆ కర్ర పట్టుకుని ఊరి మీద పడేవారు. ఏ కాలువ పొంగుతోందో, ఏ లైటు వెలగడం లేదో, నడుస్తూనే లైవు పెట్టి చెప్పేవారు. "చూడండి ప్రజలారా!" అని మొదలు. ఒక్క బూతు మాట ఉండేది కాదు. శుభ్రమైన తెలుగు. అదే ఇంకా మండేది మాకు. నిండిపోయిన చెత్తకుండీ ముందు నిలబడి, "నమస్కారమండీ, తమరు ఆఖరిసారి ఖాళీ అయ్యింది ఎప్పుడో గుర్తుందా?" అని అడిగేవారు. కాలువ మడుగులో పడుకున్న గేదె మొహం దగ్గర ఫోను పెట్టి, "మున్సిపాలిటీ వారు కల్పించిన ఈ ఈతకొలను సౌకర్యంగా ఉందా అమ్మా?" అనేవారు. ఆ గేదె కూడా సరిగ్గా అప్పుడే తలూపేది.

జనానికి తెగ నచ్చింది. మా కాలువలతో ఏ సంబంధమూ లేని ఆగిరిపల్లి వాళ్ళూ, రెడ్డిగూడెం వాళ్ళూ కూడా చూసేవారు. మా ఇంట్లో మా ఆయన కాఫీ గ్లాసు పట్టుకుని ముందు అదే చూసేవారు. "ఇవాళ నిన్ను వాటరు ట్యాంకు వీధిలో ఉతుకుతున్నాడే" అని వంటింట్లోకి కేకేసేవారు. ఆ కేక పూర్తయ్యేలోగా కమిషనర్ గారి ఫోను మోగేది.

నిజం చెప్పొద్దూ, ఆయన ఏ రోజూ అబద్ధం చెప్పలేదు. మా బాధంతా అదే. అబద్ధం చెబితే నోటీసన్నా ఇచ్చుండేవాళ్ళం.

అందరికంటే మా మేస్త్రికి ఆయన మీద ఎక్కువ కోపం. బుర్ర మీసాలూ, మైకు అక్కర్లేని గొంతూ. ఒకసారి పని ముగించుకుని, వేపచెట్టు కింద ట్రాక్టరు మీదే నడుం వాల్చాడు పాపం. మాస్టారు దగ్గరికెళ్ళి, నిద్ర చెడకుండా గుసగుసగా, "ష్... ప్రజాసేవ నిద్రపోతోంది, చప్పుడు చెయ్యకండి" అని వీడియో తీశారు. అది తిరిగి తిరిగి చింతలపూడిలో అతని కూతురి అత్తవారింటికి చేరింది. వియ్యంకుడు ఫోను చేసి, "బావగారూ, నిద్ర సరిగ్గా పడుతోందా?" అని పరామర్శించాడు. అప్పట్నుంచీ మేస్త్రి మాస్టార్ని మాస్టారు అనడం మానేశాడు. "కర్ర వస్తోందండీ" అనేవాడు.

ఆ ఏడు మే నెలలో ఒక మధ్యాహ్నం గాలివాన వచ్చింది. మీకు తెలుసుగా మన వైపు ఆ గాలి ఎలా ఉంటుందో. కోతకొచ్చిన కాయ సగం నేల పాలు. ప్యాకింగు షెడ్ల దగ్గరున్న ఎండుగడ్డీ, అట్టపెట్టెలూ, విరిగిన కొమ్మలూ, రేకులూ అన్నీ లేచొచ్చి మా కాలువల్లో పడ్డాయి. ఎవరికీ ఎవరూ చెప్పకుండానే వర్కర్లందరూ పారలు పట్టుకుని దిగారు.

మాస్టారి వీధి పల్లం. మేం వెళ్ళేసరికి మురుగునీళ్ళు ఆయన అరుగు ఎక్కుతున్నాయి. మోకాళ్ళ నొప్పులున్న ఆయన భార్య మంచం మీద కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చుని ఉంది. మాస్టారు మెట్టు మీద నిలబడి లైవులో ఉన్నారు. "చూడండి ప్రజలారా! మన మున్సిపాలిటీ వారి నిర్లక్ష్యం ఇప్పుడు నా గుమ్మం దాకా నడిచొచ్చి తలుపు కొడుతోంది!"

మా వర్కర్లలో పెద్దావిడ ఒకామె ఉండేది. అందరూ అక్క అనేవాళ్ళు, నేనూ అలాగే పిలిచేదాన్ని. ఆవిడ మాస్టారి వైపు చూడను కూడా చూడకుండా చీర ఎగదోపి తూము దగ్గర దిగింది. చెయ్యి లోపలికి పెట్టి, "ఏదో చాపలాంటిది చుట్టుకుపోయిందండీ" అంది. మేస్త్రీ తనూ కలిసి లాగారు. గుడగుడమని పెద్ద చప్పుడుతో నీళ్ళు దిగిపోయాయి. వాళ్ళ చేతుల్లో ఉన్నది విప్పితే ఫ్లెక్సీ. అందులో చూపుడువేలు ఎత్తి మనల్ని హెచ్చరిస్తున్న మాస్టారు. పైన పెద్దక్షరాలతో "ప్రజల గొంతుకు జన్మదిన శుభాకాంక్షలు."

అభిమానులు సెంటర్లో కట్టింది. గాలికి ఎగిరొచ్చి ఆయన ఇంటి ముందే తూము గొంతులో అడ్డం పడింది. లైవు ఇంకా నడుస్తూనే ఉంది.

మేస్త్రి మొహం చూడాలి అప్పుడు! కూతురి పెళ్ళినాడు కూడా అంత వెలిగిపోలేదు. జేబులోంచి ఫోను తీశాడు. అక్క కసిరింది. "లోపల పెట్టవయ్యా దాన్ని. ఎవరి బొమ్మైతే ఏంటి, తూముకి అడ్డం పడితే తియ్యడమే." ఆ ఫ్లెక్సీని వీధి కుళాయి కింద శుభ్రంగా కడిగి, మడతపెట్టి, మెట్టు మీద పెట్టింది. "బొమ్మ చెక్కు చెదరలేదండీ మాస్టారూ. వానలొస్తున్నాయి కదా, పుల్లల మీద కప్పుకోడానికి పనికొస్తది."

మాస్టారు ఫోను ఆపేశారు. "ఏమ్మా, నన్ను వీడియో తియ్యరా?" అన్నారు.

"తీసి ఏం చేసుకుంటామండీ? ఇంకా పక్కవీధి ఉంది" అంటూ అక్క పార భుజాన వేసుకుంది.

మర్నాడు పొద్దున మా ఆయన కాఫీ గ్లాసుతో వంటింట్లోకి పరిగెత్తుకొచ్చారు. "ఏమేవ్! మిమ్మల్ని పొగుడుతున్నాడే!"

"ఏ వీధి?"

"వీధి కాదే, మనుషుల్ని!"

చూస్తే నిజమే. మాస్టారు తన తూము పక్కనే నిలబడి ఉన్నారు. "నిన్న ఇక్కడ అడ్డం పడింది మున్సిపాలిటీ కాదు ప్రజలారా, నేను. ఇన్నాళ్ళూ మీకు కాలువలు చూపించాను. కాలువలో దిగినవాళ్ళని చూపించలేదు. ఇవాళ్టి నుంచీ చూపిస్తాను."

వెంటనే కమిషనర్ గారి ఫోను. కొత్తగా అనంతపురం వైపు నుంచి వచ్చిన కుర్ర ఆఫీసరు ఆయన. "మేడమ్, ఆయనకేమైనా ముట్టజెప్పారా?"

"అయ్యో, లేదండీ సార్."

"మరెందుకు పొగిడినట్టు? ఆరోగ్యం అదీ బాగానే ఉందేమో ఒకసారి కనుక్కోండి."

ఊళ్ళో వాళ్ళు అంత దూరం ఆలోచించలేదు. "అమ్ముడుపోయాడు" అని తేల్చేశారు. మేస్త్రిదైతే ఇంకో లెక్క. "ముందు ఎత్తుతాడండీ. బాగా పైకెళ్ళాక వదిలేస్తాడు. చూస్తా ఉండండి."

వదల్లేదు. అదే వచ్చిన చిక్కు. రోజూ తెల్లారేసరికి కర్రతో మా వాళ్ళ వెంటపడేవారు. పని జరుగుతుంటే తియ్యచ్చు కదా, అలా కాదు. "అమ్మా, ఇందాక పార ఎత్తావే, వెలుతురు సరిగ్గా పడలేదు, ఇంకోసారి ఎత్తు తల్లీ" అనేవారు. ఎత్తిన పూడిక మళ్ళీ కాలువలో వేసి మళ్ళీ ఎత్తిన రోజులున్నాయి. వర్కర్లలో కొందరు పూలు పెట్టుకుని రావడం మొదలుపెట్టారు. మేస్త్రి మీసాలకి రంగేసుకున్నాడు. ఎండకి చెమటపట్టి ఆ రంగు గడ్డం మీదకి కారి, వీడియోలో ఎవరో కొట్టినట్టు కనబడ్డాడు. చింతలపూడి నుంచి మళ్ళీ పరామర్శ.

ఒక రోజు మాస్టారు, "వీళ్ళు మీ వీధికొస్తే చల్లగా ఒక గ్లాసు మజ్జిగన్నా ఇవ్వండి ప్రజలారా" అని చెప్పారు. మన జనం సంగతి తెలుసుగా, చేస్తే పూర్తిగా చేస్తారు. గుమ్మానికో గ్లాసు. వద్దంటే బాధపడతారు. పదిగంటలయ్యేసరికి మా వాళ్ళు వంగితే కడుపులో మజ్జిగ కదిలే చప్పుడు బయటికి వినబడేది. మజ్జిగతో పాటు రసాలు. ఎక్కడ చూసినా రసాల సంచులు. చెత్త ట్రాక్టరు ముందు భాగమంతా అవే, చెత్తకి చోటు లేదు. ఇంకొందరు, "అంత బాగా పనిచేస్తారంట కదండీ" అంటూ సొంత పనులు చెప్పేవారు. పెరట్లో కందిరీగల తుట్టె కొట్టమని ఒకావిడ. బావిలో పడ్డ బిందె తియ్యమని ఒకాయన. ఇంతలో అసలు కాలువలు పూడిపోతున్నాయి.

"తిట్టినప్పుడే నయం మేడమ్ గారూ. పని సాగేది" అంది అక్క ఒకనాడు నాతో, మూడో గ్లాసు మజ్జిగ మొక్కల్లో పోస్తూ.

ఇక లాభం లేదని మాస్టారింటికి వెళ్ళాను. ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. ఉద్యోగంలో ఎన్నో విన్నపాలు చేశాను గానీ ఇలాంటిది చెయ్యలేదు.

"మాస్టారూ, పొగడడం కొంచెం తగ్గించాలండీ."

ఆయన కళ్ళజోడు తీసి నా వైపు చూశారు. "తగ్గించడమా? అమ్మా, ఇన్నేళ్ళు తిట్టినదానికి ఇప్పటికి ఎంత తీర్చానని? అసలు కార్యక్రమం ముందుంది. ఆదివారం మీ అందరికీ సన్మానం. కల్యాణమండపం మాట్లాడేశాను."

లోపల్నుంచి వాళ్ళావిడ, "నేను చెప్పి చూశానమ్మా, వినరు" అంది.

శాలువాలూ, భోజనాలూ ఎవరు ఇస్తున్నారంటే, ఊరి చివర ప్యాకింగు షెడ్లున్న మామిడి వ్యాపారి. మాస్టారి పాత శిష్యుడు. "గురువుగారు అడిగితే కాదంటానాండీ" అని వెంటనే ఒప్పేసుకున్నాడంట.

ఆదివారం మండపం కిటకిటలాడింది. స్టేజీ మీద పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ కూర్చునే ఎర్ర కుర్చీలతో సహా ఉన్న కుర్చీలన్నీ వేసి మా వాళ్ళనీ, నన్నూ, కమిషనర్ గారినీ కూర్చోబెట్టారు. అక్కకి పెళ్ళికూతురి కుర్చీ వచ్చింది. దాని అంచు మీద, ఏ క్షణమైనా లేవడానికి సిద్ధంగా కూర్చుంది. వ్యాపారి ముందు వరసలో తెల్లచొక్కాతో మెరిసిపోతున్నాడు. మాస్టారు ఒక్కొక్కళ్ళకీ శాలువా కప్పారు. తళతళలాడే పాలిస్టరు. జూన్ ఎండ, ఫ్యాన్లు అంతంతమాత్రం. "ఈ వేడిలో దుప్పట్లేంటమ్మా" అని అక్క నా చెవిలో గొణిగింది. అయినా శాలువా అంచు వేళ్ళతో తడిమి చూసుకోవడం నేను గమనించాను.

తర్వాత మాస్టారు మైకు పట్టుకుని, కళ్ళు మూసుకుని, ఉపన్యాసం మొదలుపెట్టారు. సోషల్ మాస్టారు కదా, సింధు నాగరికత దగ్గర మొదలైంది. ఆ రోజుల్లోనే ఇటుకలతో కట్టిన మురుగుకాలువలు ఎంత గొప్పవో, వాటిని శుభ్రం చేసినవాళ్ళ పేర్లు ఏ చరిత్రా ఎందుకు రాయలేదో చెబుతున్నారు. మంచి మాటలే. నాకు కళ్ళు చెమర్చాయి కూడా. కాకపోతే అక్కడి నుంచి మౌర్యుల దగ్గరికి వచ్చారు. ఇవాళ్టి దాకా రావడానికి ఎంతసేపు పడుతుందో అని అందరూ లోపల్లోపలే లెక్కవేసుకుంటున్నారు. వంటవాసనలు అప్పుడే రావడం మొదలైంది.

మేస్త్రి ఫోను మోగింది. నీళ్ళ పంపు దగ్గరుండే ఆపరేటరు. మేస్త్రి శాలువా నోటికి అడ్డం పెట్టుకుని విన్నాడు. మొహం మారిపోయింది. వంగి, తన గొంతుకి చేతనైనంత మెల్లగా, అంటే రెండు వరసలకి వినబడేలా నాతో చెప్పాడు. "మేడమ్, పంపుహౌసు పక్క కాలువలో కలెక్టర్లు పడ్డాయంట! కాలువ పూర్తిగా నిండిపోయిందంట!"

నా పక్కనున్న కమిషనర్ గారు ఉలిక్కిపడి లేచారు. "కలెక్టర్ గారు కాలువలో పడ్డారా? ఎప్పుడొచ్చారు? నాకు చెప్పలేదే!"

"సార్, సార్, కలెక్టర్ గారు కాదండీ. కలెక్టరు కాయ. మామిడికాయండీ. మీ వైపు తోతాపురి అంటారే, అది. ట్రాక్టరుతో కుళ్ళిన కాయలు తెచ్చి కాలువలో పోసేశారంట."

"హమ్మయ్య" అంటూ కూలబడ్డారు ఆయన. మేం మాత్రం హమ్మయ్య అనుకోలేకపోయాం. ఆ పంపుహౌసు పక్కనే మంచినీళ్ళ సంపు. ఊరంతటికీ వెళ్ళే నీళ్ళు ముందు అందులోకే వస్తాయి. దాని గోడకీ మా పెద్ద కాలువకీ మధ్య పెద్దగా ఎడం లేదు. పైన మూత ఒక పక్క పగిలి, మార్చడానికి సాంక్షనై, మార్చకుండా ఉంది. మురుగు ఆ గోడ దాటిందంటే ఆ సాయంత్రం ప్రతి ఇంట్లో కుళాయి తిప్పి అదే పట్టుకుంటారు. పిల్లలూ ముసలివాళ్ళూ ఆస్పత్రి పాలవుతారు.

నేను అక్క వైపు చూశాను. అక్క అప్పటికే లేచింది. మేస్త్రి లేచాడు. తర్వాత ఒక్కొక్కళ్ళూ, చప్పుడు కాకుండా, చెప్పులు చేత్తో పట్టుకుని స్టేజీ వెనక మెట్లు దిగారు. మాస్టారు కళ్ళు మూసుకుని అశోకుడు నాటించిన చెట్ల గురించి చెబుతున్నారు. ఆయన్ని ఆపి చెప్పాలా అనిపించింది. ఆపితే ఎందుకో చెప్పాలి, చెబితే మండపంలో ఉన్న జనమంతా మాతో వస్తారు, పని జరగదు. నేనూ చెప్పులు చేత్తో పట్టుకున్నాను.

మేం వెళ్ళాక జరిగింది మాస్టారి భార్య తర్వాత చెప్పింది నాకు. ఆయన మొఘలుల దగ్గర మంచినీళ్ళ కోసం ఆగి కళ్ళు తెరిచారంట. స్టేజీ మీద అన్నీ ఖాళీ కుర్చీలు. కమిషనర్ గారొక్కరే చెమట తుడుచుకుంటూ ఉన్నారు. మాస్టారికి ముందు అర్థం కాలేదు. తర్వాత కోపం వచ్చింది. "సన్మానం చేస్తుంటే లేచిపోతారా? ఇదేనా మర్యాద?" అంటూ కర్ర తీశారంట. కమిషనర్ గారు ఏదో చెప్పబోతున్నా వినకుండా, ఎటెళ్ళారో కనుక్కుని, లైవు పెట్టుకుని బయల్దేరారు. ఆయన వెనకే శిష్యుడు వ్యాపారి, శిష్యుడి వెనక సగం మండపం.

పంపుహౌసు దగ్గర మేం ఎలా ఉన్నామో ఊహించుకోండి. కాలువ కనబడడం లేదు. అంతా కుళ్ళిన కాయలే, ఈగలే. వెనకనున్న మురుగు ఉబ్బి గోడ అంచు నాకుతోంది. ఆపరేటరు మోటారు ఆపేశాడు. మా వాళ్ళు నడుముల్లోతు దిగి కాయలు తట్టలకెత్తి గట్టు మీదకి విసురుతున్నారు. కాయలు కాలికింద జారిపోతున్నాయి, పడుతున్నారు, లేస్తున్నారు. మూత పగిలిన చోట నుంచి నీళ్ళు లోపలికి పోకుండా పెట్టడానికి ఇసుక మూటలు లేవు. అక్క తన శాలువా తీసి, ఉండచుట్టి, ఆ సందులో కూరింది. "మీదీ ఇయ్యండి" అని చెయ్యి చాపింది. ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు శాలువాలు ఇచ్చారు. మేస్త్రి తనది ఒక్కసారి చూసుకుని ఇచ్చేశాడు. నాకూ ఒకటి కప్పారుగా, నేనూ ఇచ్చాను.

"పాలిస్టరు కదండీ, చెమట పీల్చదు గానీ నీళ్ళు భలే ఆపుతోంది" అంది అక్క దాని మీద కూర్చుని.

సరిగ్గా అప్పుడు మాస్టారి గొంతు. "చూడండి ప్రజలారా! గౌరవిస్తే నిలబెట్టుకోవడం చేతకాని..." అంటూ మలుపు తిరిగారు. అక్కడ ఆగిపోయారు. ఫోను మా వైపే ఉంది. కాయల్లో మునిగిన మేస్త్రి, సంపు మూత మీద అక్క, ఆవిడ కింద నుంచి తొంగిచూస్తున్న జరీ అంచులు. లైవులో అంతసేపు నిశ్శబ్దం ఎప్పుడూ లేదని మా ఆయన తర్వాత అన్నారు.

ఆ నిశ్శబ్దంలోకి ఒక ట్రాక్టరు వచ్చింది. ట్రక్కు నిండా కాయలు, రసం కారుతోంది. డ్రైవరు జనాన్ని చూసి కూడా ఏమీ పట్టనట్టు వెనక్కి తిప్పి కాలువ అంచుకి తెస్తున్నాడు.

"ఆపు!" అన్నారు మాస్టారు. "ఏంటిది? ఎవరు పొయ్యమన్నారు ఇక్కడ?"

"మా షావుకారు గారండీ."

"ఎవరు మీ షావుకారు?"

డ్రైవరు ఆశ్చర్యంగా చూశాడు. "మీ వెనకే ఉన్నారు కదండీ."

మాస్టారు తిరిగారు. కర్రా తిరిగింది. తెల్లచొక్కా వ్యాపారి, వెనక్కి జరగడానికి చోటు లేక, నవ్వబోయాడు. "అదేంలేదు గురువుగారూ... గాలివానకి రాలిన కాయండీ... పండగలా సన్మానం జరుగుతోంది, అందరూ అక్కడే ఉంటారు కదా, ఎవరికీ ఇబ్బంది ఉండదని..."

సన్మానం ఖర్చు ఎందుకు పెట్టుకున్నాడో అప్పుడర్థమైంది అందరికీ. ఊళ్ళో కాలువ కాపలా కాసేవాళ్ళందర్నీ ఒకచోట కూర్చోబెట్టే అవకాశం రోజూ రాదు.

"ఏరా" అన్నారు మాస్టారు. గొంతు పెద్దది చెయ్యలేదు. "ఎనిమిదో తరగతిలో పౌరుని విధులు చెప్పాను. గుర్తుందా?"

"ఉందండీ."

"చేతులు కట్టుకో. చెప్పు."

మీరు నమ్మరు గానీ, అంత పెద్ద మనిషి, మూడు షెడ్లున్న ఆసామి, తెలియకుండానే చేతులు కట్టుకున్నాడు! "పౌరుని విధులు... చట్టాన్ని గౌరవించవలెను... ప్రభుత్వ ఆస్తులను..." దగ్గర ఆగిపోయాడు.

"ప్రభుత్వ ఆస్తులను?"

"...కాపాడవలెను."

"కాలువ ఎవరి ఆస్తి? ఆ సంపులో నీళ్ళు ఎవరు తాగుతారు? మీ అమ్మగారు ఏ కుళాయి నీళ్ళు తాగుతారు రా?" ఇక మొదలైంది. మా మీద ఇన్నాళ్ళూ సాధన చేసిన విద్య అంతా బయటికి తీశారు. గేదెతో మాట్లాడినట్టు ట్రాక్టరుతో మాట్లాడారు. కుళ్ళిన కాయల చేత షావుకారుకి కృతజ్ఞతలు చెప్పించారు. మేం పని ఆపి వినలేదు గానీ, చెవులు మాత్రం అటే. ఆయన నోటికి అవతలి వైపు నిలబడి వినడం మాకు అదే మొదటిసారి. ఎంత హాయిగా ఉందో ఏం చెప్పను! మేస్త్రి కాయల్లో నిలబడే, "భలే అడిగారండీ మాస్టారూ!" అని అరిచాడు. మళ్ళీ మాస్టారు అన్నాడు, కర్ర అనలేదు.

వ్యాపారి చివరికి రోషంగా, "అయినా ఆ శాలువాలు నావండీ!" అన్నాడు.

అక్క లేవకుండానే జవాబిచ్చింది. "నీళ్ళు తగ్గాక తీసుకెళ్ళండి బాబూ, ఇప్పుడు కదపలేను."

జనం నవ్విన నవ్వుకి డ్రైవరు ట్రాక్టరు ముందుకి పోనిచ్చాడు. షెడ్డు నుంచి వ్యాపారి తన కూలీలని పిలిపించక తప్పలేదు. వాళ్ళూ మా వాళ్ళూ కలిసి తీస్తే కాలువ కదిలింది. మురుగు గోడ దాటలేదు. సంపులో నీళ్ళు పరీక్ష చేయించాకే మోటారు వేశాం.

తర్వాతి సంగతులు ముందే చెప్పేస్తాను. వ్యాపారి తన తోటలోనే గొయ్యి తవ్వించుకుని కాయ అందులో వేయించడం మొదలుపెట్టాడు. సంపు మూత ఆ వారంలోనే మారింది. మర్నాటి పొద్దున మాస్టారు వీడియోలో, కాలువ బాగానే తీశారు గానీ ఒక మూల పూడిక మిగిలిపోయిందనీ, అది ఎప్పుడు తీస్తారనీ అడిగారు. కమిషనర్ గారు ఫోనులో, "మేడమ్, ఆయనకి నయమైనట్టుంది" అన్నారు. ఆ మూల తీసేశాం, సంతోషంగా.

కానీ నాకు గుర్తుండిపోయింది ఆ మధ్యాహ్నం. కాలువ సాగాక అందరం పంపుహౌసు నీడలో కూలబడ్డాం. ఒళ్ళంతా కాయరసం. ఆకలి. మండపంలో భోజనాలు వ్యాపారివి కదా, గిన్నెలన్నీ వ్యానెక్కించుకుని పట్టుకుపోయాడంట. ఏం చెయ్యాలా అనుకుంటుంటే ఆటో వచ్చి ఆగింది. అందులోంచి మాస్టారి భార్య, కుంటుకుంటూ. వాళ్ళ వీధిలో ఇంటింటికీ ఫోను చేసి పోగేసిందట. ఒక ఇంటి అన్నం, ఒక ఇంటి మామిడికాయ పప్పు, కొత్తావకాయ, పెరుగు గిన్నెలు, విస్తరాకులు.

మా వాళ్ళు కాస్త ఎడంగా జరిగారు. "మా దగ్గర వాసనండీ, అక్కడ పెట్టి వెళ్ళండి, మేం వడ్డించుకుంటాం" అంది అక్క. మాస్టారు విననట్టే వచ్చి, ఇస్త్రీ పంచెతో ఆ తడిగట్టు మీద మేస్త్రికీ అక్కకీ మధ్యన కూర్చుని, తనకీ ఒక ఆకు వేసుకున్నారు. ఫోను జేబులోనే ఉంది. ఆవిడ వడ్డించింది. అందరం ఆవకాయ కలుపుకునే ధ్యాసలో ఉన్నాం.

సగం తిన్నాక మేస్త్రి నోరు తెరిచాడు. అతనికి మర్యాద తెలుసు, బాకీ పడ్డట్టు అనిపించిందో ఏమో. "మాస్టారూ, మా వల్ల మీ ఉపన్యాసం మధ్యలో ఆగిపోయిందండీ. మొఘలుల దాకా వచ్చారంట కదా. మిగిలింది ఇప్పుడు చెప్పండి, వింటాం."

మాస్టారు అందరి మొహాలూ చూశారు. పక్కనున్న గిన్నె దగ్గరికి లాక్కుని మేస్త్రి ఆకులో గరిటెడు పెరుగు వేశారు.

"మర్చిపోయానయ్యా. తిను."